బస్సు కప్పు మీది జిగురు బొట్టు

ఆ వీధిలో అతికించేవాళ్ళకు కొదవ లేదు. చెప్పుల అడుగులు అతికించేవాడు ఒకడు, పుస్తకాల అట్టలు అంటించేవాడు ఒకడు, పగిలిన అద్దాన్ని కూడా నిలబెడతానని బోర్డు కట్టినవాడు ఇంకొకడు. ఊడదీసే మనిషి మాత్రం ఒక్కతే. మూడంతస్తుల పాత ఇంట్లో మెట్ల కింద గది, కిటికీకి ఆనించి బల్ల, బల్ల ముందు మెడలో భూతద్దం వేలాడేసుకుని ఆవిడ. అందరూ ఊడదీసే అక్క అంటారు. మొదట్లో వేళాకోళానికి పెట్టిన పేరే. వేళాకోళం అరిగిపోయి పేరు మిగిలింది.

ఊడదీయడం కూడా ఒక పనేనా అని మూతి విరిచేవాళ్ళుంటారు. పాత బొమ్మలూ పాత కెమెరాలూ పాత రేడియోలూ ప్రాణంగా దాచుకునేవాళ్ళను అడగండి, చెబుతారు. అటువంటి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఒక పుణ్యాత్ముడు విరిగిన ముక్కను చూసి జాలిపడి, చుక్క వేస్తే చాలు రాయిని రాయికి కరిపించే ఆ జిగురు తెచ్చి పెట్టేస్తాడు. బొమ్మ చెయ్యి వంకరగా కరుచుకుంటుంది. కారిన జిగురు బుగ్గ మీద గడ్డకడుతుంది. చుట్టూ తెల్లగా మసక కమ్ముతుంది. సరే తీసేద్దామని చాకుతో గీకితే రంగు లేస్తుంది. రంగు లేచిందని గోళ్ళ రంగు తుడిచే మందు పూస్తే, జిగురుతోపాటు బొమ్మ ముక్కు కూడా కరిగి దూదికి అంటుకుని వచ్చేస్తుంది. కోతి పుండు బ్రహ్మరాక్షసి. ఆ పుండు బాగా ముదిరాకే జనం అక్క గది తలుపు తడతారు.

అక్క పుట్టుకతోనే ఈ పని నేర్చిన మనిషేం కాదు. ఇరవై ఆరేళ్ళు ఒక పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు చేసింది. డాక్టరు కన్నుమూసి ఆస్పత్రి మూతపడ్డాక, ఆయన భార్య "నీకేం కావాలో తీసుకో" అంటే, పళ్ళ సందులు గీకే సన్నటి కొక్కేలు, పాలిష్ ముద్ద, ఒక భూతద్దం తెచ్చుకుంది. వాటితోపాటు డాక్టరు గారి చాదస్తాలు కూడా తెచ్చుకుంది. ఏ మందైనా ముందు వస్తువు అడుగున, ఎవరికీ కనిపించని చోట చుక్క పెట్టి, ఒక రోజంతా ఆగాలి. "ఆగితే కొంపలేం మునగవు, తొందరపడితేనే మునుగుతాయి" అంటుంది. పని మొదలుపెట్టే ముందు అట్టముక్క మీద ఆ వస్తువు బొమ్మ గీసి, జిగురున్న ప్రతిచోటా ఎర్ర చుక్క పెట్టి, ఏది తీయాలో ఏది వద్దో అడిగి, కింద సొంతదారు చేత సంతకం పెట్టించాలి. డాక్టరు గారు ఏ పన్ను పీకాలో అట్ట మీద గుర్తుపెట్టి రోగికి చూపించేవారు కదా, అదే పద్ధతి. అన్నిటికన్నా పెద్ద చాదస్తం ఇంకొకటుంది. ఊడొచ్చిన పెచ్చు ఎంత చిన్నదైనా నెలరోజులదాకా పారేయకూడదు. "పన్ను పీకించుకున్నవాడు ఇంటికెళ్ళాక, అయ్యో అది బంగారు పన్నండీ అని వెనక్కి రాడని ఏం నమ్మకం?" అనేవాడట ఆ మహానుభావుడు. అందుకని అక్క అలమరా నిండా పిప్పరమెంట్ల డబ్బాలే. ప్రతి డబ్బాలోనూ ఎవరిదో ఒకరి జిగురు.

ఇంతా చేసి, అతికించే జిగురు మాత్రం ఆ గదిలో వెతికినా దొరకదు. కవరు మూయాలన్నా గుండుసూదే గుచ్చుతుంది. "నా పని విడదీయడం. అతికించడానికి వీధి నిండా మొనగాళ్ళున్నారు" అని నవ్వుతుంది.

గది వెనకే ఇల్లు. ఇంట్లో ఉండేది ఇద్దరే, అక్క, ఎనభై రెండేళ్ళ అత్తగారు. మధ్యన ఉండవలసిన మనిషి పోయి తొమ్మిదేళ్ళు. ఆయన పోయినప్పుడు, ఇక ఈ అత్తాకోడళ్ళు ఒక్కచోట ఉండరని చుట్టాలందరూ తేల్చేశారు. ఉన్నారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పోట్లాడుకుంటూ ఉన్నారు. అత్తగారి నోట్లో ఉన్న రెండు వరసల పళ్ళూ కోడలు చేసినవే.

"నేను చేసిన పళ్ళతోనే నన్ను కొరుక్కుతింటారు" అని అక్క వాపోతుంది.

"గట్టిగా చేశావు మరి, ఊరికే పోనిస్తానా?" అంటుంది అత్తగారు.

వాళ్ళ తగాదాల్లో అన్నిటికన్నా పాతది వంటగది తలుపు గడియ. వంకరగా బిగించి ఉంది. తలుపును కాస్త పైకెత్తి, భుజంతో నెట్టి, వేలు నలగకుండా చూసుకుంటే తప్ప పడదు. మార్పిద్దామని అక్క ఏడాదికి రెండుసార్లు అంటుంది. "నేను పోయాక మార్చుకో" అని రెండుసార్లూ అత్తగారు అంటుంది. ముసలావిడ మొండితనమని అక్క వదిలేస్తుంది.

ఇలా ఉండగా ఒక సోమవారం కండక్టరు వచ్చాడు. ఉద్యోగం నుంచి దిగి పదేళ్ళయినా ఆయన్ని ఇప్పటికీ కండక్టరు గారనే అంటారు. నిలబడితే ఆయన చెయ్యి ఒకటి దానంతటది పైకి లేచి, లేని కడ్డీ కోసం వెతుక్కుంటుంది. చేతిసంచిలోంచి తువ్వాలు, తువ్వాల్లోంచి బస్సు తీశాడు. జానెడు రేకు బస్సు. ఎర్ర రంగు, పక్కన పసుపు చార, రేకు మీదే అచ్చేసిన ప్రయాణికుల ముఖాలు. ముందు సన్నటి ప్లాస్టిక్ అద్దం, దాని వెనక గోరంత డ్రైవరు. వెనక మెట్టు మీద బుల్లి కండక్టరు. కీ ఇచ్చి వదిలితే చెయ్యి ఎత్తి దించుతాడట. ఇప్పుడు ఎత్తడం లేదు, భుజానికి జిగురు పట్టేసింది. అద్దానికి మసక. తలుపు కీలుకు గడ్డ. కప్పు మీద ఒకప్పుడు సామాన్లు పెట్టే చట్రం ఉండేది. అది ఎప్పుడో విరిగిపోయింది, దాన్ని అతికించిన జిగురు మాత్రం చొక్కా బొత్తామంత మిగిలిపోయింది.

"ఎవరండీ ఈ ఘనకార్యం?" అంది అక్క.

"మా ఆవిడేనమ్మా, ఉన్నప్పుడు. బట్టలు కుట్టేది. మెషిన్ మీద చెయ్యి అలా పరుగెత్తేది. జిగురు దగ్గరకొచ్చేసరికి మాత్రం..." ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఆదివారం పాత బొమ్మల సంఘంవాళ్ళు హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. ఈ రకం బస్సులు ఇప్పుడు ఎక్కడో ఒకటీ అరా తప్ప లేవట. అద్దాల అలమరాలో చోటిస్తామన్నారు కానీ, ఎక్కడా జిగురు కనిపించకూడదని షరతు పెట్టారు.

"ముప్పై రెండేళ్ళు బస్సులో నిలబడి జనాన్ని చూశానమ్మా," అన్నాడు కండక్టరు. "ఒక్క రోజు జనం నిలబడి నా బస్సును చూస్తే చూడాలని ఉంది. మీ చేతికి తిరుగులేదంటున్నారు అందరూ. అన్నీ తీసెయ్యండి. ఒక్క చుక్క మిగలకూడదు."

అక్క అట్టముక్క అందుకోబోయింది. ఆయన గడియారం చూసుకుని, "నా బస్సు టైమైపోయిందమ్మా" అంటూ వీధిలోకి దిగేశాడు. కేకేసి వెనక్కి పిలవచ్చు. పిలవలేదు. అన్నీ అంటే అన్నీ, మళ్ళీ బొమ్మ గీయడమెందుకు అనుకుంది. అసలు సంగతేమిటంటే, 'తిరుగులేదు' అన్న మాట చెవిలో తియ్యగా మోగుతోంది. ఇరవై ఆరేళ్ళ చాదస్తాన్ని ఒక్క పొగడ్త పక్కకు నెట్టేసింది. పొగడ్తకు పడనివాళ్ళెవరున్నారు గనక, అక్కను మాత్రం ఏమంటాం?

మంగళవారం బస్సు అడుగున స్పిరిట్ చుక్క పెట్టి ఆగింది. రంగు కదల్లేదు. బుధవారం ప్లాస్టిక్ ముక్కల పని పట్టింది. బుల్లి కండక్టరును మెట్టు మీంచి జాగ్రత్తగా దించి, సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పళ్ళ సందుల్లో లాగే మైనపు దారాన్ని భుజానికీ చేతికీ మధ్య దూర్చి, అటూ ఇటూ మెల్లగా లాగింది. మళ్ళీ నానబెట్టింది, మళ్ళీ లాగింది. తలప్రాణం తోకకొచ్చాక, మూడో గంటలో చెయ్యి కదిలింది. అద్దం మసకను పాలిష్ ముద్దతో, పుల్లకు చుట్టిన దూదితో, రుద్దీ రుద్దనట్టు రుద్దింది. గురువారం రేకు వంతు. రేకును నీళ్ళలో పెడితే తుప్పు. అందుకని గుడ్డలో చుట్టి ఫ్రిజ్ పైఅరలో పెట్టింది.

"అమ్మాయ్, ఐసు పక్కన ఈ బస్సేమిటే?" లోపల్నుంచి అత్తగారి కేక.

"చలికి జిగురు పెళుసెక్కుతుందత్తయ్యా. అప్పుడు పుల్లతో తడితే చాలు, ఊడొచ్చేస్తుంది."

"నాకూ ఒళ్ళంతా పెళుసెక్కింది. నన్నొకసారి తట్టి చూడు."

కీలు దగ్గరి గడ్డలు ఒక్కొక్కటే రాలాయి. కప్పు మీది బొత్తాన్ని అక్క చివరికి ఉంచుకుంది. వెదురు పుల్ల మొన దాని అంచు కిందికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి తట్టింది. టప్పుమంది. పెచ్చు ఎక్కడా విరగకుండా మొత్తానికి మొత్తం లేచి వచ్చింది. కింద ఎర్ర రంగు నిన్ననే వేసినట్టు మెరిసింది. అక్కకు గర్వంతో ఒళ్ళు తెలియలేదు. ఆ పెచ్చును వెలుగుకు పట్టి కూడా చూడకుండా డబ్బాలో పడేసి మూత పెట్టింది.

శుక్రవారం కండక్టరు వచ్చి బస్సును చూసి చిన్నపిల్లవాడైపోయాడు. కీ ఇచ్చాడు. బుల్లి కండక్టరు చెయ్యి ఎత్తి దించాడు.

"డ్యూటీకొచ్చాడమ్మా వెధవ! ఎన్నేళ్ళు సెలవు పెట్టాడు!" అని పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఆయన బొటనవేలు అలవాటుగా కప్పు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. వెనక్కి జరిగింది, ముందుకు జరిగింది, చీకట్లో స్విచ్ కోసం తడుముకున్నట్టు తడుముకుంది. నవ్వు ఆగిపోయింది.

"ఇక్కడ ఒకటి ఉండాలమ్మా."

"తీసేశానండీ. అన్నిటికన్నా మొండిది అదే. చూడండి, చిన్న గీత కూడా పడలేదు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నెమ్మదిగా చెప్పాడు.

"దాని మీద మా ఆవిడ వేలిముద్ర ఉందమ్మా. బొటనవేలిది. పని నేర్చుకునే రోజుల్లో మెషిన్ సూది దిగి చీలిందట, ముద్రకు అడ్డంగా ఏటవాలు గీత ఉండేది. ఆ చట్రం అతికించి, ఆరేదాకా నొక్కిపట్టుకుంటానని కూర్చుంది. ఆరాక చూస్తే వేలూ బస్సూ ఒకటైపోయాయి. టికెట్టు లేకుండా ఎక్కావు, దిగు దిగు అన్నాను నేను. దిగితే కదా! నవ్వుతుంటే ఇంకా రాదాయె. సబ్బునీళ్ళు కాచి తెచ్చి, గంటసేపు కొంచెం కొంచెంగా నేనే విడదీశాను. వేలొచ్చింది, ముద్ర ఉండిపోయింది. ఆవిడ పోయి ఏడాదైంది. రోజూ పొద్దున దుమ్ము తుడిచేటప్పుడు నా వేలు దాని మీద పెడతాను. అంతే, ఇంకేం లేదు."

'అన్నీ తీయమన్నది మీరే కదండీ' అన్న మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. ఆ ఒక్క మాట మింగినందుకే ఆవిడంటే నాకు గౌరవం.

"మీ తప్పేం లేదమ్మా," అన్నాడాయన. "ఒక్క చుక్క మిగలకూడదన్నది నేనే. అది జిగురని నాకెప్పుడూ తోచలేదు. అది ఆవిడ వేలు, అంతే."

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టలేదు. లేచి, "బస్సు ఇక్కడే ఉండనివ్వండి. ఆదివారం ఇటునుంచి ఇటే హాలుకు తీసుకెళతాను. బోడి కప్పును ఇంట్లో చూడలేను" అని వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అక్క కదల్లేదు. డబ్బా ఉందన్న సంగతి ఆయన ఎదురుగానే గుర్తొచ్చింది. చెప్పలేదు. మిగతా పెచ్చుల మధ్య పడి ముక్కలైపోయి ఉంటే? ఆశ పెట్టి మళ్ళీ విరవడం ఇంకా పాపం. మూత తీసి, పెచ్చులన్నీ నల్లగుడ్డ మీద పరిచి, కిటికీ వెలుగు ఏటవాలుగా పడేలా బల్లను జరిపి, భూతద్దం పెట్టింది. మొత్తం పద్నాలుగు. పదకొండోది బొత్తాం. సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి వంగి తిరుగుతున్నాయి. వాటిని అడ్డంగా కోస్తూ ఒక ఏటవాలు గీత. ఒక్క అంచు కూడా చెదరలేదు. ఎన్నడూ చూడని ఆ ఆడమనిషి వేలిని చూస్తూ అక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడిచాక ఏం చేయాలో తోచలేదు. పొట్లం కట్టి ఆయన చేతికిస్తే సరిపోతుందా? ఆయన వేలు వెతుక్కునేది బస్సు కప్పు మీద, కాగితం పొట్లంలో కాదు. పోనీ మళ్ళీ పెడితే హాలువాళ్ళు బస్సును గుమ్మం కూడా దాటనివ్వరు. పైగా జిగురును జిగురు పెట్టి అతికించడమంటే విన్నవాళ్ళు నవ్విపోతారు.

ఆ పరధ్యానంలో అన్నానికి లేచి, వంటగది తలుపు పైకెత్తడం మరిచి నెట్టింది. గడియలో వేలు నలిగింది. అప్పటిదాకా తన మీద ఉన్న కోపమంతా దాని మీదికి మళ్ళింది.

"ఇవాళ్టితో దీని పీడ విరగడ చేస్తాను! సుత్తి పట్టుకోవడం కూడా రాని మనిషి బిగించిన గడియ, దీనికి ఇంత మర్యాదా!"

అత్తగారు ఎప్పటిలా విరుచుకుపడలేదు. పళ్ళెంలోంచి తల కూడా ఎత్తలేదు.

"రాదు. వాడికి సుత్తి పట్టుకోవడం రాదు. అయినా బిగించాడు," అంది. "పొద్దున్నే లేచి దాన్ని ఎత్తి నెట్టినప్పుడల్లా, ఒక్క పనీ తిన్నగా చెయ్యవు కదరా వెధవా అని తిడతాను. తొమ్మిదేళ్ళనుంచి రోజూ తిడుతున్నాను. మార్చేస్తే ఎవణ్ణి తిట్టను?"

అక్క నలిగిన వేలు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఆ మాట ఇవాళ విన్నది. నెమ్మదిగా కూర్చుని, బస్సు సంగతి మొదటినుంచీ చెప్పింది. అట్టముక్క గీయలేదన్నది కూడా దాచలేదు.

"ఆ పెచ్చు ఉందా, పారేశావా?" అంది అత్తగారు.

"ఉంది."

"ఉంటే ఇంకా ఇక్కడ కూర్చుని ఏడుస్తావేమే? వెళ్ళి ఆయన్నే అడుగు. ఈసారైనా అడిగి చెయ్యి."

శనివారం పొద్దున అక్క కాగితాల కొట్టుకెళ్ళి, కవర్లు అంటించే బంక సీసా అడిగింది. కొట్టతను చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ అడిగించుకున్నాడు. "ఊడదీసే అక్క బంక కొంటోందిరోయ్, ఇక మన పనయిపోయింది!" అని పక్కకొట్టుకు వినపడేలా అరిచాడు. ఇంకో రోజైతే అక్క తగిన సమాధానం చెప్పేదే. ఆ రోజు సీసా తీసుకుని వచ్చేసింది.

కండక్టరు ఇల్లు ఒకటే గది. కిటికీ పక్కన కుట్టు మెషిన్, దాని మీద ఉతికిన గుడ్డ కప్పి ఉంది. గోడకు చిన్న బల్ల, బల్ల మీద బస్సు మేర దుమ్ము పట్టని చోటు. అక్క బస్సును అక్కడ పెట్టి, ముందుగా అట్టముక్క తీసింది. ఆయన చూస్తుండగానే బస్సు బొమ్మ గీసి, పదమూడు ఎర్ర చుక్కలు పెట్టింది.

"ఇవి తీశాను. సోమవారమే మీకు చూపించి, అడిగి తీయవలసింది. నాదే తప్పు." తర్వాత కప్పు మీద పద్నాలుగో చుక్క పెట్టి, డబ్బా మూత తీసింది. "ఇది కూడా తీశాను. కానీ ఇది పోలేదండీ."

అక్క ఇవ్వబోయిన భూతద్దం ఆయన అందుకోలేదు. అవసరం లేకపోయింది. దూదిలో ఉన్న ఆ పెచ్చును కిటికీ వైపు తిప్పి చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఇది నీళ్ళ బంక," అంది అక్క. "తడిగుడ్డ పెడితే వచ్చేస్తుంది, రంగుకేం కాదు. ప్రదర్శన అయ్యాక పెట్టమంటే రేపు సాయంత్రం వచ్చి పెడతాను. ఇప్పుడే పెట్టమంటే పెట్టి, రేపు హాలు కోసం దించి, మళ్ళీ పెడతాను. మీరెలా చెబితే అలా."

కండక్టరు చెయ్యి పైకి లేచి, లేని కడ్డీ కోసం వెతికి, దిగిపోయింది.

"ఆ రోజు వేళాకోళానికి దిగమన్నానమ్మా," అన్నాడు చివరికి. "ఇంకోసారి దించను. పెట్టండి."

"మరి హాలు? అద్దాల అలమరా?"

"వాళ్ళు ఉన్నది ఉన్నట్టు చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. మీరు పెట్టండమ్మా."

బొత్తాం ఏ వైపు తిప్పి పెట్టాలో అక్కకు తెలియలేదు. ఆయనకు తెలుసు. తన బొటనవేలు కప్పుకు ఎడమవైపు నుంచి తెచ్చి, కొస డ్రైవరు వైపు ఉండేలా గాలిలో ఆపి చూపించాడు. ఇన్నేళ్ళు విడదీయడమే తెలిసిన అక్క చేతికి అతికించడం కొత్త. మొదటిసారి పక్కకు జారింది. తుడిచి, మళ్ళీ పెట్టింది. ఈసారి కుదిరింది. ఆయన వేలు ఆత్రంగా ముందుకు రాబోతే గబుక్కున పట్టుకుంది.

"ముట్టుకోకండి! సాయంత్రందాకా ఆరాలి."

అట్టముక్క కింద 'తీసినవి పదమూడు, ఉంచినది ఒకటి' అని రాసింది. ఆయన సంతకం పెట్టాడు. తర్వాత ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని బంక ఆరడం చూశారు. మధ్యలో ఆయన టీ పెట్టాడు, చక్కెర మరిచిపోయాడు, ఇద్దరూ అలాగే తాగారు. ఎండ కుట్టు మెషిన్ మీంచి దిగి గోడదాకా వెళ్ళాక, అక్క పుల్ల మొనతో అంచును తాకి చూసింది. కదల్లేదు.

"ఇప్పుడు పెట్టండి" అంది.

కండక్టరు బొటనవేలు బొత్తాం మీద పెట్టాడు. కళ్ళు మూసుకుని అలాగే కాసేపు ఉంచాడు. తర్వాత కీ తిప్పి, ముప్పై రెండేళ్ళ అలవాటుగా, రైట్ రైట్ అన్నట్టు, బస్సు పక్కన వేలితో రెండుసార్లు తట్టాడు.